ఎకోలో 112, ఎంఆర్‌ఐలో 156: గుండె పెరిగిందా, కొలత మారిందా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. ఎకో చేసినప్పుడు ఎడమ జఠరిక పూర్తిగా నిండినప్పటి ఘనపరిమాణం 112 మి.లీ., ముడుచుకున్నప్పటిది 50 మి.లీ., ఈఎఫ్ (నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటకు వెళ్లే వంతు) 55 శాతం అని వచ్చింది. మూడు వారాల తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే అవే అంకెలు 156, 68, 56 శాతం. మగవారికి 150 దాటితే గుండె పెరిగినట్టేనని ఒక పట్టికలో చదివాను. కవాటాల్లో లీకు లేదన్నారు. ఎకో రిపోర్టు చివర ఎల్‌వీఓటీ 2.2 సెం.మీ., వీటీఐ 22 సెం.మీ. అని ఉంది, అదేమిటో తెలియలేదు. మూడు వారాల్లో గుండె 44 మి.లీ. పెరుగుతుందా? ఏ పరీక్షను నమ్మాలి? తేల్చుకోవడానికి సీటీ కూడా తీయించాలా?

జవాబు: మీరిచ్చిన అంకెల్లో గుండె పెరిగిందనడానికి ఆధారం ఏమీ లేదు. మారింది కొలబద్ద. ఇరవై ఏళ్లకు పైగా గుండె బొమ్మల మీద గీతలు గీస్తూ బతుకుతున్నవాడిని. ఇలాంటి రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని కంగారుపడేవారిని తరచూ చూస్తుంటాను. వారిలో డాక్టర్లు కూడా ఉంటారు.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఎకో ప్రకారం 112లోంచి 50 తీసేస్తే ఒక్కో స్పందనకు 62 మి.లీ. రక్తం బయటకు వెళ్తోంది. దీన్నే స్ట్రోక్ వాల్యూమ్ అంటారు. ఎంఆర్‌ఐ ప్రకారం అది 156లోంచి 68 పోగా 88. తేడా 26 మి.లీ. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో ఇది 1.8 లీటర్లు. ఇంత తేడా వచ్చిందంటే రెండింట్లో ఒకటి పొరబడి ఉండాలి. ఏది?

సాక్ష్యం మీ ఎకో రిపోర్టు చివరి వరుసలోనే ఉంది. ఎల్‌వీఓటీ అంటే ఎడమ జఠరిక నుంచి బృహద్ధమనికి రక్తం వెళ్లే ద్వారం. దాని వ్యాసం 2.2 సెం.మీ. ఆ దారి గుండ్రంగా ఉందనుకుంటే అడ్డుకోత వైశాల్యం 3.8 చదరపు సెం.మీ. వీటీఐ 22 అంటే ఒక్క స్పందనలో రక్తం ఆ దారిలో 22 సెం.మీ. ముందుకు జరిగిందని అర్థం. రెండింటినీ గుణిస్తే సుమారు 84 మి.లీ. కవాటాల్లో లీకు లేనప్పుడు జఠరిక ఎంత కుదించుకుంటే అంత రక్తమూ ఈ దారిలోంచే వెళ్లాలి, దానికి వేరే దారి లేదు. డాప్లర్, అంటే ఎకోలో రక్తం వేగాన్ని కొలిచే ఈ పద్ధతి, 84 అంటోంది, ఎంఆర్‌ఐ 88 అంటోంది. ఎకోలో గీత గీసి తీసిన కొలత ఒక్కటే 62 అంటోంది. అంటే ఎకో రిపోర్టులో ఒక పేజీ ఇంకో పేజీని కాదంటోందన్నమాట. డాప్లర్ కూడా వేదవాక్కు కాదు. ఆ వ్యాసాన్ని 2.1గా కొలిస్తే జవాబు 76కి పడిపోతుంది, ఎందుకంటే వ్యాసంలోని పొరపాటు వర్గమై కూర్చుంటుంది. అయినా 62 దాకా దిగాలంటే 3 మి.మీ. తప్పు కొలిచి ఉండాలి. మంచి బొమ్మలో అంత తప్పు జరగదు.

మరి ఈఎఫ్ రెండింట్లోనూ ఒకేలా ఎందుకు వచ్చింది? ఎకో నిండిన గుండెనూ ముడుచుకున్న గుండెనూ దాదాపు ఒకే నిష్పత్తిలో చిన్నగా చూపించింది. భాగహారంలో పైనా కిందా ఒకే పాటి తప్పు ఉంటే తప్పు కొట్టుకుపోతుంది. అందుకే ఈఎఫ్ సరిపోయినంత మాత్రాన ఘనపరిమాణాలు సరైనవని అనుకోకూడదు. ఎకోలో వచ్చే ఈఎఫ్‌ను నమ్మినంతగా ఆ మిల్లీలీటర్లను నేను నమ్మను.

మీరు చదివిన 150 అనే హద్దు 2డి ఎకో, అంటే మామూలు ఎకో, పట్టికలోది. అమెరికా, ఐరోపా ఎకో సంఘాలు కలిసి 2015లో ఇచ్చిన సిఫారసుల్లో నిండిన ఎడమ జఠరికకు మగవారిలో 62 నుంచి 150 మి.లీ., ఆడవారిలో 46 నుంచి 106 మి.లీ. మామూలు అని ఉంది. ఎంఆర్‌ఐ పట్టికలు వేరు. వాటిలో మగవారి పై హద్దు దాదాపు 200 మి.లీ. ఉంటుంది. ఎంఆర్‌ఐ అంకెను తీసుకెళ్లి ఎకో పట్టికలో పెడితే ఆరోగ్యవంతుల్లో కూడా చాలామంది గుండె జబ్బు మనుషులైపోతారు. మీ కంగారుకు మూలం ఇదే.

ఇక ఎకో తక్కువ ఎందుకు చూపిస్తుందో చెప్తాను. మామూలు ఎకోలో సింప్సన్ పద్ధతి వాడతారు. ఛాతీ కింది భాగంలో ప్రోబ్ ఆనించి, గుండె కొన వైపు నుంచి రెండు కోణాల్లో బొమ్మలు తీస్తారు. వాటిలో లోపలి అంచు వెంబడి గీత గీస్తే, కంప్యూటర్ జఠరికను ఒకదాని మీద ఒకటి పేర్చిన 20 బిళ్లలుగా లెక్కకట్టి కూడుతుంది. ఒక్కో బిళ్ల మందం జఠరిక పొడవులో ఇరవయ్యో వంతు. చిక్కంతా ఆ పొడవులోనే ఉంది. ప్రోబ్ సరిగ్గా కొన మీద లేకుండా ఒక పక్కటెముక సందు పైకి జరిగితే అల్ట్రాసౌండ్ కోత గుండెను ఏటవాలుగా నరుకుతుంది. 9 సెం.మీ. జఠరిక 8 సెం.మీ.గా కనిపిస్తుంది. బొమ్మ మాత్రం స్పష్టంగా, అందంగా ఉంటుంది! అందుకే కొత్తవారు పసిగట్టలేరు. పొడవు తొమ్మిదో వంతు తగ్గితే మొత్తం ఘనపరిమాణమూ కనీసం ఆ మేరకు తగ్గుతుంది. 150 ఉండాల్సింది 133 అవుతుంది. దీన్ని ఫోర్‌షార్టెనింగ్ అంటారు. రోగిని ఎడమ పక్కకు బాగా తిప్పి పడుకోబెట్టి, ప్రోబ్‌ను ఒక సందు కిందికి దింపి, ఊపిరి వదిలి ఆపమంటే చాలావరకు సర్దుకుంటుంది. తీరిక లేని చోట ఈ మూడూ జరగవు.

రెండో కారణం గోడ నిర్మాణం. జఠరిక లోపలి గోడ గాజు పలకలా నున్నగా ఉండదు. సన్నని కండ పోగులు అల్లుకుని, వాటి సందుల్లో రక్తం నిండి ఉంటుంది. ఎకోలో ఆ సందులు కనబడవు. పోగులన్నీ కలిసి గోడలాగే కనిపిస్తాయి. గీత గీసేవారు వాటి లోపలి అంచు మీద గీస్తారు, సందుల్లోని రక్తం లెక్కలోకి రాదు. ఎంఆర్‌ఐలో రక్తం తెల్లగా, కండరం నల్లగా విడివిడిగా కనబడతాయి కాబట్టి గీతను పోగుల వెనక, గట్టి గోడ దాకా తీసుకెళ్లగలం. ఎకోలోనూ సూక్ష్మ బుడగల మందును రక్తనాళంలోకి ఎక్కిస్తే ఆ సందులు కూడా వెలుగుతాయి, ఘనపరిమాణం పెరిగి ఎంఆర్‌ఐ దగ్గరికి వస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు గోడ భాగాలు సరిగా కనబడనప్పుడు ఈ మందు వాడమని సిఫారసు. బుడగల్లోని వాయువు ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది, మూత్రపిండాలపై భారం పడదు. ఇంత పనికొచ్చే వస్తువును ఇంత తక్కువగా వాడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకే ఒక్క వ్యాసం కొలిచి సూత్రంతో ఘనపరిమాణం తీసే పాత పద్ధతి, టైకోల్జ్ సూత్రం, ఇంకా చాలా యంత్రాల్లో ఉంది. వ్యాసం 5.0 సెం.మీ. అయితే అది 118 మి.లీ. అంటుంది, 5.5 అయితే 147 అంటుంది. గీత 5 మి.మీ. జరిగితే 29 మి.లీ. మారిపోయింది. పైగా గుండెపోటు వచ్చి కొన వైపు ఉబ్బిన గుండెలో మొదలు దగ్గర మాత్రమే కొలిచే ఈ సూత్రానికి ఆ ఉబ్బు కనబడనే కనబడదు. రిపోర్టులో ఈ పేరు కనిపిస్తే ఆ మిల్లీలీటర్లను పక్కన పెట్టేయండి.

3డి ఎకో ఈ ఊహలన్నిటినీ తప్పిస్తుంది. మొత్తం జఠరికను ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి ఆకారం ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఏటవాలు కోత బెడదా చాలావరకు తగ్గుతుంది. ఎంఆర్‌ఐ కంటే ఇంకా కొంత తక్కువే చూపిస్తుంది గానీ 2డి అంత కాదు. నాలుగైదు స్పందనల బొమ్మలను అతికించి తయారుచేస్తే మాత్రం రోగి ఊపిరి కదిలినా, గుండె లయ తప్పినా అతుకు దగ్గర మెట్టులా విరిగిపోతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషం ఉన్నవారిలో అందుకే ఇది తలనొప్పి. 2డి బొమ్మే మసకగా ఉన్న మనిషికి 3డి తీసినా మసకే.

ఇప్పుడు ఎంఆర్‌ఐ. దీన్ని ప్రమాణంగా తీసుకోవడానికి కారణం దానికేదో దివ్యదృష్టి ఉండటం కాదు, మళ్లీ మళ్లీ కొలిచినా అంకె పెద్దగా మారకపోవడం. జఠరికను మొదలు నుంచి కొన దాకా అడ్డంగా పది పన్నెండు కోతలుగా తీస్తారు. కోత మందం సాధారణంగా 8 మి.మీ., మధ్యలో 2 మి.మీ. ఖాళీ. ఒక్కో కోతకు కొన్ని సెకన్లపాటు ఊపిరి బిగబట్టాలి. ఘనపరిమాణం వరకైతే మందు ఎక్కించాల్సిన అవసరమే లేదు. చాలామందికి ఇది తెలియక గాడోలినియం పేరు చెప్పగానే భయపడతారు. ఒక్కో కోతలో గీత గీసి, వైశాల్యాన్ని 1 సెం.మీ.తో గుణించి కూడితే ఘనపరిమాణం వస్తుంది. ఏ సూత్రమూ లేదు, ఏ ఊహా లేదు.

కానీ ఎంఆర్‌ఐని దేవుడిని చేసేవారికి ఒక సంగతి చూపించాలి. అది మొదటి కోత, అంటే ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్యనున్న మైట్రల్ కవాటం పక్కనున్నది. గుండె ముడుచుకున్నప్పుడు కవాట వలయం కొన వైపు ఒక సెంటీమీటరుకు పైగా దిగుతుంది. కోత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి నిండినప్పుడు జఠరికను చూపించిన కోతే ముడుచుకున్నప్పుడు కర్ణికను చూపిస్తుంది. గమనించకుండా అక్కడ కూడా గీత గీస్తే ఏమవుతుందో చూడండి. నిండినప్పుడు 160, ముడుచుకున్నప్పుడు 64, ఈఎఫ్ 60 శాతం ఉన్న గుండెలో, 10 చదరపు సెం.మీ. కర్ణికను పొరపాటున జఠరికగా లెక్కిస్తే 64 కాస్తా 74 అవుతుంది. ఈఎఫ్ 54కి పడిపోతుంది. ఒక్క గీతతో ఆరు పాయింట్లు! కొత్తగా వచ్చినవారికి నేను మొదటి వారమంతా ఈ ఒక్క కోతే గీయిస్తాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే గీతలు గీసేస్తోంది. మధ్య కోతల్లో మనిషి కంటే నిలకడగా గీస్తుంది, ఒప్పుకుంటాను. మొదటి కోత దగ్గరే అది కూడా తడబడుతుంది, అక్కడ మనిషి చూసి తీరాలి.

లోపల స్తంభాల్లా నిలబడే పాపిల్లరీ కండరాలను కొందరు రక్తంలో కలుపుతారు, కొందరు కండరంలో కలుపుతారు. రెండూ చలామణీలో ఉన్నాయి, ఏది చేసినా అంకె కొన్ని మిల్లీలీటర్లు మారుతుంది. ఏది చేశారో రిపోర్టులో రాయకపోవడమే తప్పు. ఎంఆర్‌ఐకి ఒక మంచి ఆత్మపరీక్ష కూడా ఉంది. లీకులు, రంధ్రాలు లేని గుండెలో కుడి, ఎడమ జఠరికలు ఒక్కో స్పందనకు ఒకే రక్తాన్ని నెట్టాలి. మీ నాన్నగారి రిపోర్టులో కుడి జఠరిక స్ట్రోక్ వాల్యూమ్ ఉంటే చూడండి. 88కి దగ్గరగా ఉంటే ఆ గీతలు గీసిన చేయి మంచిదని అర్థం.

కుడి జఠరిక ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. పక్క నుంచి ముక్కోణపు సంచిలా, అడ్డుకోతలో ఎడమ జఠరికను కౌగిలించుకున్న నెలవంకలా ఉండే దానికి 2డి ఎకోలో నమ్మదగిన ఘనపరిమాణం రాదు. రాదంటే రాదు. 3డి ఎకో కొంత మేలు, ఎంఆర్‌ఐ అసలైన దారి. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే పుట్టుకతో వచ్చే గుండె లోపాన్ని చిన్నప్పుడు సరిచేయించుకుని, పుపుస ధమని కవాటం లీకవుతున్నవారిలో ఈ అంకె మీదే ఆపరేషన్ నిర్ణయం ఆధారపడుతుంది. శరీర వైశాల్యంతో భాగించాక నిండినప్పుడు చదరపు మీటరుకు 160 మి.లీ., ముడుచుకున్నప్పుడు 80 మి.లీ. దాటితే కవాటం మార్చే ఆలోచన మొదలవుతుంది. ఆ హద్దులు ఎంఆర్‌ఐ కొలతలవి, ఎకో అంకెతో వాటిని పోల్చకూడదు. ఎడమ కర్ణిక సంగతి తేలిక. అక్కడ ఎకోలో రెండు కోణాల కొలత చాలు, చదరపు మీటరుకు 34 మి.లీ. దాటితే పెరిగినట్టు.

సీటీ గురించి అడిగారు. సూక్ష్మంగా చూడటంలో దాన్ని మించింది లేదు, అర మిల్లీమీటరు వివరం ఇస్తుంది. దాని బలహీనత వేగం. గుండె పూర్తిగా ముడుచుకుని ఉండేది క్షణకాలం. సాధారణ యంత్రం ఒక బొమ్మకు 135 నుంచి 175 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రెండు ఎక్స్‌రే గొట్టాలున్న కొత్త యంత్రాల్లో ఇది 66 దాకా తగ్గింది. వేగం చాలకపోతే ఆ కనిష్ఠ క్షణం పక్క క్షణాలతో కలిసి మసకబారుతుంది, ముడుచుకున్నప్పటి ఘనపరిమాణం ఎక్కువగా, ఈఎఫ్ తక్కువగా వస్తాయి. పైగా రేడియేషన్, అయోడిన్ మందు, గుండె వేగం తగ్గించడానికి ఇచ్చే బీటా బ్లాకర్. ఇంకో చిక్కు ఉంది. రక్తనాళాల కోసం తీసే సీటీల్లో ఇప్పుడు చాలావరకు గుండె విశ్రాంతిగా ఉన్న క్షణంలో మాత్రమే ఎక్స్‌రే వదులుతారు. ముడుచుకున్న బొమ్మే లేనప్పుడు ఈఎఫ్ ఎక్కడి నుంచి తెస్తారు? ఆ సీడీ పట్టుకొచ్చి ఈఎఫ్ చెప్పమని అడిగేవారికి ఏటా నేను ఇదే జవాబు చెప్తుంటాను. ఎంఆర్‌ఐ కుదరనివారికి, ఛాతీలోని పరికరం వల్ల ఎంఆర్‌ఐ బొమ్మ పాడయ్యేవారికి సీటీ మంచి ప్రత్యామ్నాయమే. మీ నాన్నగారికి ఈ ప్రశ్న తేల్చడం కోసం అక్కర్లేదు.

ముగా స్కాన్ అని ఒకటుంది. రోగి ఎర్ర రక్తకణాలకే టెక్నీషియం-99ఎం తగిలించి, గుండెలోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెడతారు. కిరణాలు ఎన్ని ఎక్కువైతే రక్తం అంత ఎక్కువ. ఆకారంతో పనే లేదు కాబట్టి ఈఎఫ్ చాలా నిలకడగా వస్తుంది. మిల్లీలీటర్లలో చెప్పాలంటే మాత్రం కష్టపడాలి. గేటెడ్ స్పెక్ట్ అనే మరో అణుపరీక్ష చిన్న గుండెల్లో మోసం చేస్తుంది. దాని చూపు మసక కావడంతో ముడుచుకున్న చిన్న గది గోడలు కలిసిపోయి లోపల ఏమీ లేనట్టు కనిపిస్తుంది. చిన్నపాటి దేహమున్న స్త్రీలకు ఈఎఫ్ 80 శాతం అని వస్తే అది గుండె బలం కాదు, కెమెరా బలహీనత.

పరీక్షలు కలగాపులగం చేస్తే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. గుండెను బలహీనపరచగల క్యాన్సర్ మందు తీసుకుంటున్న ఒకామెకు మొదట ముగాలో ఈఎఫ్ 61 వచ్చింది, మూడు నెలల తర్వాత వేరేచోట 2డి ఎకోలో 49 వచ్చింది. పది పాయింట్లకు మించి తగ్గి 50 కిందికి దిగిందని మందు ఆపేశారు. బొమ్మలు నా దగ్గరికి వచ్చేసరికి రెండు వారాలు గడిచాయి. చూస్తే సగం గోడ కనబడని ఎకో, ఊహించి గీసిన గీత. ముగా మళ్లీ చేయిస్తే 60. ఒకే మనిషికి, ఏ మార్పూ లేకుండా, 2డి ఎకో ఈఎఫ్ రెండు సందర్భాల మధ్య పది పాయింట్ల దాకా ఊగగలదు. 3డిలో ఆ ఊగు దాదాపు ఆరుకు తగ్గుతుంది. మందు ఆపే హద్దే పది పాయింట్లయినప్పుడు పది పాయింట్లు ఊగే కొలబద్దతో ఏం తేలుస్తాం?

ఇక మీరు చేయాల్సింది. ఎంఆర్‌ఐ అంకెలను మీ నాన్నగారి మొదటి కొలతగా భద్రపరచండి. మున్ముందు గుండె పరిమాణం పెరిగిందా అన్న అనుమానం వస్తే మళ్లీ ఎంఆర్‌ఐతోనే, వీలైతే అదే చోట, పోల్చండి. కవాటాలు, పీడనాలు, రోజువారీ పర్యవేక్షణకు ఎకో చాలు. దాన్ని పాత ఎకోతోనే పోల్చండి. పరీక్ష రోజున బీపీ ఎంతుందో, గుండె లయ ఎలా ఉందో రాసి ఉంచమనండి. ఒంట్లో నీరు తగ్గినా, బీపీ పెరిగినా ఘనపరిమాణం నిజంగానే మారుతుంది, అది కొలత తప్పు కాదు. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మలను కూడా తీసుకుని దాచండి. రెండేళ్ల తర్వాత పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి ఒకే చేత్తో గీయించవచ్చు. అన్నట్టు, గుండె ఎలా ఉందన్నది మీ డాక్టరు ఈ అంకెలతోపాటు లక్షణాలు, ఈసీజీ కూడా చూసి చెప్పాల్సిన మాట. నేను చెప్పింది కొలతల సంగతి మాత్రమే.

ఆ ఎకో వీడియోలు మీ దగ్గరుంటే ఒక పని చేయండి. నాలుగు గదులూ కనిపించే బొమ్మలో పైన, తెర కొసన, జఠరిక కొన ఉంటుంది. అసలైన కొన సన్నగా, కాస్త మొనదేలి ఉంటుంది, గుండె కొట్టుకుంటున్నా దాదాపు కదలదు. మీ వీడియోలో అది గుండ్రంగా, మందంగా ఉండి ప్రతి స్పందనకూ లోపలికి బలంగా ముడుచుకుంటుంటే మీరు చూస్తున్నది కొన కాదు, కొన పక్కనున్న గోడ. ఆ 44 మి.లీ.లో పెద్ద భాగం అక్కడే పోయి ఉంటుందని నా అనుమానం.